పదిహేనేళ్ల పాఠకులకు ఫాంటసీ రాస్తానన్న అమ్మాయికి

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

అమ్మలూ, నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. ఉద్యోగం మానేసి టీనేజీ పిల్లల కోసం ఫాంటసీ నవలలే రాసుకుంటూ బతకొచ్చా అని చివర్లో అడిగావు. ఆ సంగతికి వస్తాను. ముందు అధ్యాయాలు.

నీ కథలో పిల్ల ఏ తాళాన్నైనా ముట్టుకుని తెరవగలదు, తెరిచిన ప్రతిసారీ ఒక జ్ఞాపకం పోగొట్టుకుంటుంది. ఇది మంచి ఊహ, జాగ్రత్తగా వాడుకో. రెండో అధ్యాయంలో ఖజానా తలుపు తెరిచాక "ఏదో జ్ఞాపకం జారిపోయినట్టనిపించింది" అని రాసి ముందుకెళ్లిపోయావు. ఏ జ్ఞాపకం? చదివేవాళ్లు అక్కడే ఆగుతారు. ఆ పిల్ల బయటికొచ్చి, కాపలా ఉన్న చెల్లెల్ని పిలవబోయి, పేరు నోటికి రాక "ఏయ్, పద" అందనుకో. చెల్లెలు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, ఏమీ అడక్కుండా వెంట నడిచిందనుకో. మాయకు వెల ఉండాలని అందరూ చెబుతారు. ఆ వెల ఎవరి కళ్లముందు చెల్లిస్తున్నారో కూడా రాయాలి. అప్పుడే అది తగులుతుంది.

మూడో అధ్యాయంలో "ఆ వయసులో ఎవరికైనా అలాగే అనిపిస్తుంది" అన్న వాక్యం కొట్టేయ్. అది నీ వయసు వాళ్ల మాట. నీ పాఠకులు 12 నుంచి 18 ఏళ్ల వాళ్లు. వాళ్లకు మొదటి స్నేహద్రోహం మొదటిసారే జరుగుతుంది, ముందు జరిగినదానితో పోల్చుకోవడానికి వాళ్ల దగ్గర ఇంకోటి లేదు. కథ చెప్పే గొంతు ఆ పిల్ల కంటే పెద్దదై, పైనుంచి చూసి నవ్విందంటే పుస్తకం మూసేస్తారు. పిల్లల పుస్తకం కదా అని భాష తేలిక చెయ్యక్కర్లేదు, చావునీ అన్యాయాన్నీ దాచక్కర్లేదు. ఆ గొంతు ఒక్కటీ చూసుకో.

అమెరికన్ ఫాంటసీ రచయిత్రి ఉర్సులా లె గ్విన్ సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఒక ప్రచురణకర్త కాస్త ఎదిగిన పిల్లల కోసం ఏదైనా రాయమని అడిగాడు. అప్పటిదాకా కథల్లో మాంత్రికులంటే తెల్లగడ్డం ముసలివాళ్లే. మరి గడ్డం రాకముందు వాళ్లెలా ఉండేవాళ్లు, ఆ విద్య ఎక్కడ నేర్చుకున్నారు అని ఆవిడకు సందేహం వచ్చింది. 1968లో వచ్చిన "ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ" నవల ఆ సందేహంలోంచే పుట్టింది. కొత్త రాక్షసుల్నీ కొత్త లిపినీ కనిపెట్టడం కంటే, ఉన్న సంప్రదాయాన్ని 15 ఏళ్ల వయసు వైపు నుంచి ఒక ప్రశ్న అడగడం ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

కథకు లోకం కట్టడం గురించి పెద్దగా చెప్పను. నువ్వు ఇప్పటికే అవసరానికి మించి కట్టావు, తొమ్మిది రాజవంశాల పట్టిక నాకెందుకు పంపావో ఇప్పటికీ అర్థం కాలేదు. దాని బదులు ఒక నోటుబుక్కు పెట్టుకో. ఎవరి కళ్లు ఏ రంగు, ఎవరి ఏ చేతికి గాయమైంది, పౌర్ణమి ఎప్పుడు, ఏ ఊరు ఏ ఊరికి ఎంత దూరం, అన్నీ పేజీ నంబరుతో సహా రాసుకో. గుర్రం మామూలుగా రోజుకు 40, 50 కిలోమీటర్లు నడుస్తుంది. నీ రౌతు ఒక్క రాత్రిలో రాజ్యం దాటేశాడు. అది మాయగుర్రం అయితే ఆ మాట చెప్పు, కాకపోతే ఇంకో మూడు రాత్రులివ్వు. ఇలాంటివి అచ్చుకు ముందు తప్పులు దిద్దే కాపీ ఎడిటర్లు పట్టుకుంటారు గానీ, రెండో భాగం రాసేటప్పుడు ఆ నోటుబుక్కే నిన్ను కాపాడుతుంది.

"ఎరగాన్" రాసిన క్రిస్టఫర్ పావొలీనీ 15 ఏళ్లకే మొదలుపెట్టాడు, నాకప్పుడే 24 వచ్చేశాయి అని బెంగపడ్డావు. అందరికీ ఆ 15 గుర్తుంటుంది. 2002లో ఆ నవలని సొంతంగా అచ్చు వేసింది ఆ కుటుంబమేననీ, ఆ అబ్బాయి వేషం కట్టుకుని బడులూ లైబ్రరీలూ తిరిగి ప్రతులు అమ్ముకున్నాడనీ, ఆ తర్వాతే 2003లో పెద్ద ప్రచురణ సంస్థ తీసుకుందనీ ఎవరూ చెప్పరు. ఇంటిల్లిపాదీ చేసిన ఆ చాకిరీని వదిలేసి వయసొక్కటే పట్టుకుని నువ్వు కుంగిపోతున్నావు.

ఇక బతుకుతెరువు. ఉద్యోగం మానకు. కనీసం ఇప్పుడు మానకు.

ఇంగ్లీషు ప్రచురణలో పద్ధతి ఇలా ఉంటుంది. అడ్వాన్సు 90 వేలు అనుకో. నీ రాతప్రతిని ప్రచురణకర్తకు అమ్మిపెట్టే ఏజెంటు వాటా 15 శాతం, అంటే 13,500 పోగా 76,500 మిగిలింది. అదీ ఒకేసారి రాదు. సంతకానికి మూడో వంతు, ఎడిటర్ రాతప్రతి ఒప్పుకున్నాక మూడో వంతు, విడుదలయ్యాక మిగిలింది. సంతకానికీ విడుదలకీ మధ్య ఏడాదిన్నర, రెండేళ్లు మామూలే. అంటే రెండేళ్లలో మూడుసార్లు, 25,500 చొప్పున, అందులో పన్ను కూడా కట్టాలి. ఆ అడ్వాన్సు నీ రాయల్టీలోంచి, అంటే అమ్మకాల్లో నీకు రావాల్సిన వాటాలోంచి, ముందుగా ఇచ్చిన డబ్బే. అది వసూలయ్యేదాకా ఇంకేమీ రాదు. పుస్తకం అమ్ముడుపోకపోతే మాత్రం మామూలుగా తిరిగి కట్టక్కర్లేదు. దుకాణాలు అమ్ముడుపోని ప్రతుల్ని వెనక్కి పంపొచ్చు కాబట్టి ప్రచురణకర్త రాయల్టీలో కొంత ఆపి ఉంచుతాడు. మొదటి లెక్కల కాగితం చూసి కంగారు పడొద్దని ఇప్పుడే చెబుతున్నాను. ఇంకో మాట, రాతప్రతి చదవడానికి ఫీజు అడిగే ఏజెంటు ఏజెంటే కాదు.

డబ్బు కంటే నిన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంకోటుంది. ఈ రంగంలో పాఠకులు నిలవరు. 13 ఏళ్లప్పుడు నీ పుస్తకం దిండు కింద పెట్టుకుని పడుకున్న పిల్ల 18 వచ్చేసరికి వేరే అలమర దగ్గర నిలబడుతుంది. పెద్దల నవలలు రాసేవాళ్లతో పాటు వాళ్ల పాఠకులూ ముసలివాళ్లవుతారు. నీకు ఆ సౌకర్యం ఉండదు, ప్రతి నాలుగైదేళ్లకీ కొత్తవాళ్లకు మళ్లీ మొదటినుంచి పరిచయం కావాలి. అందుకే ఈ ఏడాది డ్రాగన్ల కథలు బాగా అమ్ముడుపోతున్నాయని డ్రాగన్లు రాయొద్దు. నువ్వు రాసి, అమ్మి, అచ్చయ్యేసరికి మూడు, నాలుగేళ్లు. ఆ డ్రాగన్ల పిల్లలు అప్పటికి కాలేజీలో ఉంటారు.

పెద్దవాళ్లు కూడా ఇవి చదువుతారు, నిజమే. టీనేజీ పుస్తకాలు కొంటున్నవాళ్లలో 55 శాతం 18 ఏళ్లు నిండినవాళ్లేనని 2012లో పుస్తకాల అమ్మకాల లెక్కలు తీసే బౌకర్ సంస్థ అధ్యయనం తేల్చింది. ఆ లెక్క చూసి పెద్దవాళ్లకు నచ్చేలా రాయడం మొదలుపెట్టిన వాళ్లను చూశాను. పాత్రల వయసు 16, మాటలు 35 ఏళ్లవి. పెద్దవాళ్లు ఈ పుస్తకాల దగ్గరికి వచ్చేదే ఆ 16 కోసం. నువ్వు పిల్లలకే రాయి.

మూడు భాగాలు అనుకున్నానన్నావు. సాధారణంగా రెండో భాగం మొదటిదాని కంటే తక్కువ అమ్ముడుపోతుంది. మరీ తగ్గితే మూడోది ఆపేస్తారు కూడా. అందుకని మొదటి పుస్తకంలోనే చెల్లెలి పేరు సంగతి ఒక కొలిక్కి తీసుకురా, రాజ్యం సంగతి కావాలంటే మిగల్చు.

పుస్తకం వచ్చాక పిల్లలు నీకు రాస్తారు. ఇది ఎవరూ ముందుగా చెప్పరు. మైనర్ పిల్లలతో ప్రైవేటు మెసేజీల్లో కబుర్లు పెట్టుకోకు. జవాబు అందరికీ కనిపించేచోట ఇవ్వు, లేదా టీచర్ల ద్వారా పంపు. ఎప్పుడో ఒకరోజు, చచ్చిపోవాలనిపిస్తోందని ఒక పిల్లో పిల్లాడో రాస్తారు. అప్పుడు నవలా రచయితగా మంచి వాక్యం వెతుక్కోకు. నువ్వు చెప్పింది నమ్ముతున్నాను అని చెప్పు. నమ్మకమున్న పెద్దవాళ్లకి ఈ రోజే చెప్పమను, వాళ్ల ప్రాంతంలోని హెల్ప్‌లైన్ నంబరు ఇవ్వు, ప్రాణాపాయం అనిపిస్తే అత్యవసర సేవలకు ఫోన్ చేయమను. ఆ నంబర్లు ముందే రాసి పెట్టుకో, ఆ రోజు వెతుక్కునే ఓపిక ఉండదు.

రాసే వేళ గురించి అడిగావు. పొద్దున్నో రాత్రో నాకు పట్టింపు లేదు. వారంలో ఏ రోజు రాయవో ముందే నిర్ణయించుకో, మిగతా రోజులు వాటంతట అవే సర్దుకుంటాయి.

రెండో అధ్యాయం తిరగరాసి పంపు, రాజవంశాల పట్టిక జత చెయ్యకుండా. ఎప్పుడైనా ఒప్పందం చేతికొస్తే సంతకం పెట్టకముందు లాయరుకీ నాకూ చూపించు. నీ తర్వాతి నవలని ముందు తమకే చూపించాలనే ఆప్షన్ షరతు ఎంత వెడల్పుగా రాశారో చూడాలి. పుస్తకం అమ్మకాలు ఆగిపోతే హక్కులు ఎప్పుడు నీకు తిరిగొస్తాయో కూడా చూడాలి. "ముద్రణలో ఉన్నంతకాలం" అని రాసి ఊరుకుంటే ఒప్పుకోకు. ఈబుక్ ఎప్పుడూ ముద్రణలోనే ఉంటుంది. ఏడాదికి ఇన్ని ప్రతుల కంటే తగ్గితే హక్కులు తిరిగి ఇస్తామని అంకెతో సహా రాయించుకో.

మీ పెద్దమ్మ