మస్కట్ వెళ్తున్న మేనల్లుడికి

చిన్నా,

మస్కట్ వీసా వచ్చిందని అక్క చెప్పింది. నేను చేసిన ఏసీ పనికే నువ్వూ వెళ్తున్నావంటే చాలా సంతోషం. 1993 నుంచి 26 ఏళ్లు అక్కడే గడిపాను కాబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆ రోడ్లూ మేడలూ చూసి ఒమన్ ఎప్పుడూ ఇలాగే ఉందనుకుంటావు. కాదు. 1970లో సుల్తాన్ ఖబూస్ గద్దెనెక్కేనాటికి దేశం మొత్తానికి బడులు మూడే, తారు రోడ్డు పది కిలోమీటర్లు. రాత్రి మస్కట్ కోట తలుపులు మూశాక వీధిలోకి రావాలంటే చేతిలో లాంతరు ఉండి తీరాలట. మా వర్క్‌షాప్ కాపలా ముసలాయన చెప్పేవాడు. చమురు డబ్బు రోడ్లకీ ఆసుపత్రులకీ బడులకీ పెట్టారు, ఒక్క తరంలో అంతా మారిపోయింది.

ఆ బడుల్లో చదివిన పిల్లలకు ఉద్యోగాలు కావాలి కదా. ఒమనైజేషన్ అని తమవాళ్లకు వాటా పెట్టడం 1988లోనే మొదలైంది. నా దగ్గరికీ ఒక కుర్రాణ్ని పంపారు. గ్యాసు ఒత్తిడి చూసే గేజిలో ఎర్ర పైపు ఎటో నీలం పైపు ఎటో తెలియదు. రాగి గొట్టం ఫ్లేర్ చేయబోతే, అంటే మూతి వెడల్పు చేయబోతే, అంచు చీలిపోయేది. చెయ్యి పట్టుకుని నేర్పాను. నాలుగేళ్లకు నాకే సూపర్‌వైజరయ్యాడు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు నాకు. తర్వాత ఒకరోజు మిద్దె మీద ఎండకు కళ్లు తిరిగితే, నన్ను కిందికి దింపి నీళ్లు తాగించింది అతనే. వాళ్ల పిల్లలు పైకి రావాలనే కదా ఆ దేశం అంత ఖర్చు పెట్టింది! అందుకని పని దాచుకోకు, అడిగినవాడికి నేర్పు. నువ్వు మాత్రం స్ప్లిట్ ఏసీల దగ్గరే ఆగిపోకుండా పెద్ద భవనాలను చల్లబరిచే చిల్లర్ యంత్రాల పని, అరబ్బీ మాట రెండూ పట్టు.

జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదు. ఎవరైనా మిద్దె ఎక్కమంటే ఎక్కకు.

విజిట్ వీసా అయితే అసలు కదలకు. నాకు ఏజెంటు చెప్పిన జీతం ఒకటి, అక్కడ సంతకం పెట్టించిన కాగితంలో ఉన్నది ఇంకొకటి. కాంట్రాక్టు ఇక్కడే చదివించుకుని, ఫొటో తీసి అక్క ఫోన్లో ఉంచు. 2021 నుంచి కాంట్రాక్టు పూర్తయితే పాత కంపెనీ ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, లేకుండానే వేరే చోట చేరొచ్చు. మా రోజుల్లో ఆ వీలు లేదు.

ఓవర్‌టైమ్ నమ్ముకుని అప్పు చేయకు. 2014 చివర్లో చమురు ధర పడిపోయాక నా ఓవర్‌టైమ్ ఆగింది, దాంతో మన ఇంటి స్లాబూ ఆగింది. రెండేళ్లు ఆ ఊచలు వానకు తడుస్తూనే ఉన్నాయి.

ఆదివారం ఇంటికి రా. నా పాత గేజి కొత్త గ్యాసుకు పనికిరాదు గానీ ఫ్లేరింగ్ టూల్ బాగానే ఉంది, పట్టుకెళ్దువుగాని.

మీ మావయ్య