తూర్పు తీర ప్రవాహం మోడల్‌ను నమ్మే ముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

బిడ్డా,

మన తూర్పు తీరం వెంట సముద్రంలో పారే ప్రవాహానికి నువ్వు కంప్యూటర్‌లో కట్టిన మోడల్ మ్యాపులు నిన్న రాత్రి కూర్చుని ఒక్కొక్కటే చూశాను. సముద్రాన్ని 2 కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టిన గ్రిడ్, సుడులు, వాటి అంచున దారాల్లాంటి సన్నటి చారలు, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. కానీ కింద నువ్వు రాసిన మాట, "ఉపగ్రహం డేటాతో కోరిలేషన్ బాగా వచ్చింది అత్తా, ఇక మోడల్‌ను నమ్మొచ్చు" అన్నది చదివాక నాకు టెన్షన్ పట్టుకుంది. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావు, అందుకే రాస్తున్నాను.

ముందు ఆ కోరిలేషన్ సంగతి, అంటే మోడల్, కొలతలు ఎంతవరకు కలిసి పెరిగి తగ్గుతున్నాయో చెప్పే నంబర్ సంగతి. మన తూర్పు తీర ప్రవాహం ఏడాదికి రెండుసార్లు దిక్కు మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి పోతుంది, మార్చి, ఏప్రిల్‌లో దాని జోరు ఎక్కువ. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి, నవంబర్‌లో బాగా జోరు. ఒక్కోసారి వేగం సెకనుకు 1 మీటరు దాటుతుంది. ఇంత పెద్ద మార్పు ప్రతి ఏడాదీ అదే వేళకు వస్తుంటే, ఋతువును పట్టుకున్న ఏ ముతక మోడల్‌కైనా కోరిలేషన్ దానంతట అదే పెరుగుతుంది. రోహిణి కార్తెలో ఎండలు మండుతాయని జోస్యం చెప్పి మెప్పు పొందడం ఎంత సులువో ఇదీ అంతే. కాబట్టి మోడల్‌లోంచీ, కొలతల్లోంచీ ఋతుచక్రాన్ని తీసేసి మిగిలింది పోల్చి చూడు. నంబర్ పడిపోతుంది, పడనీ. తర్వాత అదే లెక్క నీ మోడల్ అంచులకు, అంటే సరిహద్దుకు, డేటా ఇచ్చిన పెద్ద మోడల్‌కూ చెయ్యి, ఒట్టి నెలవారీ సగటులో తప్పు ఎంతుందో కూడా చూడు. ఆ పెద్ద గ్రిడ్ ఇవ్వలేనిది నీ 2 కిలోమీటర్ల గ్రిడ్ ఏం ఇచ్చిందో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి నువ్వు.

అయితే సుడుల దగ్గర, చోటుకు చోటు పోల్చే ఈ పద్ధతి నిన్ను అన్యాయంగా కొడుతుంది. నీ మోడల్‌లో ఒక సుడి నిజంగానే పుట్టింది, కాకపోతే 50 కిలోమీటర్లు పక్కన పుట్టింది అనుకో. ఉన్నచోట లేదని ఒక తప్పు, లేనిచోట ఉందని ఇంకో తప్పు, రెండు లెక్కలు పడతాయి. అసలు సుడి అనేదే లేని నున్నటి మోడల్‌కు ఒక్క తప్పే పడి అది నీకంటే మంచిదైపోతుంది. కొలతలు కలపకుండా వదిలేసి నడిపిన మోడల్‌లో సుడి ఫలానా రోజు ఫలానా చోటే ఉండాలని అడగొద్దు. ఏ నెలలో సుడుల శక్తి ఎంత, అది తీరానికి ఎంత దూరంలో ఎక్కువ, ఎంత సైజు సుడిలో ఎంత శక్తి ఉంది, ఇవి అడుగు.

ఉపగ్రహం డేటాను కూడా తెలుసుకుని వాడు. గ్రిడ్‌గా చేసి ఇచ్చే సముద్రమట్టం డేటా చాలా నున్నగా ఉంటుంది, పైగా నేల దగ్గరికొచ్చేసరికి సిగ్నల్ పాడవుతుంది, మన ప్రవాహమేమో తీరాన్ని అంటుకునే పోతుంది. దానితో పోల్చాలంటే ముందు నీ మోడల్‌ను కూడా అంతే నున్నగా చెయ్యి. 2022 డిసెంబర్‌లో పైకి పోయిన, నీటిమట్టం కొలిచే స్వాట్ ఉపగ్రహం డేటాలో సన్నటి వివరాలు బాగా కనిపిస్తాయి, కానీ అది అదే దారికి మళ్లీ రావడానికి 21 రోజులు పడుతుంది.

ఇప్పుడు నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను, నువ్వు చెయ్యకూడదనే. లంగరేసిన ఏడీసీపీ, అంటే శబ్దం పంపి నీటి వేగం కొలిచే పరికరం, కింద నుంచి పైకి చూస్తుంది, ఉపరితలం నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని వల్ల పై పొర లెక్కలు చెడిపోతాయి, అందుకని వాటిని తీసేస్తారు. నేను అది గమనించకుండా, అది ఇచ్చిన అన్నిటికంటే పై లెక్కను మోడల్ పై పొరతో పోల్చి, మోడల్ వేగం ఎక్కువ చూపిస్తోందని దాన్ని తగ్గించే సవరణలు మూడు నెలలు చేస్తూ పోయాను. చివరికి చూస్తే ఆ లెక్క 40 మీటర్ల లోతుది. వానాకాలం తర్వాత బంగాళాఖాతంలో పైన పల్చటి మంచినీటి పొర ఉంటుంది, దాని కదలిక వేరు, 40 మీటర్ల దగ్గర నీటి కదలిక వేరు. మచిలీపట్నం, యానాం తీర రాడార్లు చూసేదేమో పై మీటరు, రెండు మీటర్ల నీళ్లనే. ఏ పరికరం ఎంత లోతు, ఎంత సేపు, ఎంత వెడల్పు చూస్తుందో నీ మోడల్ చేత కూడా అంతే చూపించు. తూర్పు, ఉత్తరం భాగాలతో పని పెట్టుకోకు, ఆ చోట తీరం ఏ వాలులో ఉందో ఆ దిక్కుకు తిప్పి చూడు. ఇంకో మాట, మచిలీపట్నం దగ్గర నీళ్లు తమంతట తాము గుండ్రంగా తిరిగే కాలం సుమారు 43 గంటలు. రోజు సగటు తీసినంత మాత్రాన అది పోదు. ఫిల్టర్ అంతకంటే పొడవుగా పెట్టు, రెండింటికీ అదే పెట్టు.

ఇక అసలైన పరీక్ష. నాగార్జున సాగర్‌లో నీళ్లు వదిలితే మన మిర్యాలగూడ దగ్గర ఎడమ కాల్వ పెరుగుతుంది, ఇక్కడ చినుకు పడకపోయినా సరే. ఈ ప్రవాహమూ అలాంటిదే, ఇక్కడి గాలి ఒక్కటే దాన్ని నడపదు. భూమధ్యరేఖ దగ్గర గాలి మారితే ఆ అల సుమత్రా, మయన్మార్, బంగ్లాదేశ్ తీరాలు పట్టుకుని రోజుకు సుమారు 200 కిలోమీటర్ల చొప్పున తిరిగి మన తీరానికి దిగుతుంది. నీ సరిహద్దు ఆ అలను లోపలికి రానిస్తోందా? పారాదీప్, విశాఖ, చెన్నై రేవుల సముద్రమట్టం తీసుకుని, ఆటుపోట్లు, గాలి పీడనం ప్రభావం తీసేసి, అల ఒక్కో చోటికి ఎన్నో రోజున చేరిందో మోడల్‌లో చూడు. ఈ పరీక్షలో మోడల్ తప్పితే, నవంబర్ వేగం సరిగ్గా వచ్చినా నేను నమ్మను, రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఉంటాయి.

ఏ నది ఎన్ని నీళ్లు తెస్తుందో మోడల్‌కు చెప్పే ఫైల్ తెరిచి చూశావా అసలు? చాలామంది ఏ ఏళ్ల సగటు దొరికితే అది పెట్టేస్తారు. శ్రీశైలం, సాగర్ కట్టకముందు ఏళ్లు అందులో ఉంటే ఆ కృష్ణ ఇప్పటి కృష్ణ కాదు. 2009 అక్టోబర్‌లో అలంపురం మునిగిన ఏడాదికీ, మన కాల్వకే నీళ్లు రాని ఏడాదికీ నీ మోడల్‌లో కృష్ణ ఒకేలా పారుతుంటే ఎలా? ఎక్కువ మంచినీళ్లు తెచ్చేది గంగా, బ్రహ్మపుత్రలే, నిజమే. ఆ నీళ్లు వానాకాలం తర్వాత తీరం వెంట సన్నటి పట్టీలా దక్షిణానికి దిగుతాయి. మత్స్యకారులు ఒడ్డున సీసాల్లో పట్టిచ్చిన నీళ్లలో ఉప్పు కొలిచి కూడా దీన్ని చూపించారు. మోడల్‌లో ఉప్పదనాన్ని సగటు వైపు లాగే సవరణ పెట్టి ఉంటే ఆ పట్టీ చెరిగిపోతుంది, అది ఎంత లాగుతోందో లెక్క తీసి చూడు.

ఒక చిన్న పరీక్ష ఈ వారమే చేసెయ్యి. గాలి, ఆటుపోట్లు, నదులు అన్నీ ఆపి, సరిహద్దులు మూసి, ఒక్కో లోతుకు అంతటా ఒకే ఉష్ణోగ్రత, ఒకే ఉప్పదనం పెట్టి వదులు. నీళ్లు కదలకూడదు. రోమ్స్ అనే సముద్ర మోడల్ లాంటి వాటిలో పొరలు సముద్రపు నేలతో పాటు వంగుతాయి కాబట్టి, నిటారు వాలు దగ్గర లేని ప్రవాహం పుట్టుకొస్తుంది. అది సెకనుకు ఎన్ని సెంటీమీటర్లో రాసి పెట్టుకో. నీ మోడల్ చూపే తేడా అంతకంటే చిన్నదైతే దాని గురించి మాట్లాడొద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అంచనాల వంటివి పడవ ఇంజన్ ఆగి కొట్టుకుపోయిన మనుషులను ఏ దిక్కున వెతకాలో చెప్పడానికి పనికొస్తాయి. ఆ పడవలో ఉన్నవాళ్లకు నీ సగటు కోరిలేషన్‌తో పని లేదు, ఆ రోజు ఆ చోట దిక్కు సరిగ్గా ఉండాలి.

మచిలీపట్నం ఎదురుగా ఒడ్డు నుంచి లోపలికి ఒక నిలువు కోత తీసి, ఏప్రిల్, నవంబర్ నెలల్లో లోతును బట్టి వేగం గీసి, పెద్ద మోడల్‌దీ నీదీ పక్కపక్కన పెట్టి పంపు. పైన ఒక దిక్కుకు పోతుంటే కింద ఎదురు దిక్కుకు పోయే ప్రవాహం లంగరు కొలతల్లో కనిపించింది, నీ దాంట్లో ఉందో లేదో చూడాలి నాకు. దసరాకు వచ్చేలోపు పంపితే ఇంట్లో కూర్చుని ఇద్దరం చూద్దాం.

పైలం బిడ్డా.

మీ చిన్నత్త