మా కుటుంబ కిరాణా కొట్టును సూపర్ మార్కెట్‌గా మార్చాలంటే ఎంత పెట్టుబడి కావాలి?

మీరు అడిగినదానికి ముందు మా లెక్క చెప్పేస్తాను. 2010 దసరాకి కోనసీమ అంబాజీపేటలో మా మామగారి కొట్టు పెద్దది చేసినప్పుడు బ్యాంకు అప్పు 12 లక్షలు, నా బంగారం తాకట్టు పెట్టి తెచ్చింది 4 లక్షలు. పక్క కొట్టు ఖాళీ అయితే అద్దెకి తీసుకుని మధ్య గోడ కొట్టించాం. అరలు, ఏసీ, కంప్యూటర్ బిల్లింగ్, మిగిలిందంతా సరుకు. ఇప్పుడు అమలాపురం, రావులపాలెంతో కలిపి మూడు కొట్లు.

డబ్బుకి బ్యాంకు ఉంది. మేం కొంచెంలో పోగొట్టుకోబోయింది పాత ఖాతాదారుల్ని. దాని గురించే మీకు చెప్పాలని ఉంది.

కొట్టు పెట్టింది మా మామగారి నాన్నగారు. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన లేని రోజుల్లో కాకినాడ సరుకు పంటు (బల్లకట్టు లాంటి పెద్ద పడవ) మీద గోదావరి దాటి వచ్చేదట. అమ్మకంలో సగం పైన అరువే. వరి రైతు సార్వా (వానాకాలం పంట) నూర్పులయ్యాక ఒకసారి, దాళ్వా (రెండో పంట) అయ్యాక ఒకసారి కట్టేవాడు. కొబ్బరి తోట ఉన్నవాళ్లు కాయల దింపు తీసినప్పుడల్లా, అంటే ఇంచుమించు రెండు నెలలకోసారి. ఎవరి పద్దు ఎప్పుడు తీరుతుందో మామగారికి పుస్తకం తెరవకుండానే తెలుసు. నేను తణుకు నుంచి వచ్చిన కోడల్ని, బీకామ్ చదివాను. నాకు ఆ పుస్తకం చూస్తే టెన్షన్ వచ్చేది.

కొత్త కొట్టు తెరిచిన రోజు పొద్దున్నే వచ్చిన ఆడవాళ్లు గాజు తలుపు బయటే చెప్పులు విడిచారు. లోపలికి రండమ్మా అంటే వచ్చి, బుట్ట చేతిలో పట్టుకుని బిల్లు బల్ల దగ్గరే నిలబడి, "కందిపప్పు రెండు కిలోలు, చింతపండు అరకిలో" అని ఎప్పటిలాగే చెప్పడం మొదలుపెట్టారు. అలవాటు అవుతుందిలే అనుకున్నాను.

పదకొండు గంటలప్పుడు కొబ్బరి దింపు తీసే పెద్దాయన ఒకాయన వచ్చారు. తలుపు దగ్గర సంచులు తీసుకుని టోకెన్ ఇవ్వడానికి ఒక కుర్రాణ్ణి పెట్టాను. వాడు ఆయన సంచి అడిగాడు. ఆయనకి అర్థం కాలేదు. వాడు సంచి అంచు పట్టుకుని లాగాడు. ఆయన నేరుగా నా దగ్గరికి వచ్చి సంచి బల్ల మీద బోర్లించేశారు. దింపు కత్తి, కాళ్లకి వేసుకునే తాడు, తువ్వాలు, అన్నం గిన్నె. సంచిని లోపలి వైపు తిప్పి దులిపి చూపించారు.

"ముప్ఫై ఏళ్ల నించీ మీ పప్పూ ఉప్పూ ఈ సంచిలోనే మోసుకెళ్లానండి. ఇయ్యాల ఇది దొంగ సంచి అయిపోయిందామ్మా?"

నేను లేచి నిలబడాల్సింది. కూర్చునే, "రూల్ అండి, అందరికీ ఒకటే" అన్నాను. ఆయన ఒక్కొక్కటీ సంచిలో సర్దుకుని, ఏమీ కొనకుండా వెళ్లిపోయారు. ఆ గిన్నె మూత ఊడి అన్నం కొంచెం బల్ల మీద పడింది. దాన్ని కూడా తువ్వాలుతో తుడిచి మరీ వెళ్లారు. పదిహేనేళ్లవుతోంది, ఆ తుడవడం నా కళ్ల ముందు నుంచి పోలేదు.

వారం తిరక్కుండా ఆయన వీధి వాళ్ల పద్దులు 11 ఆగిపోయాయి. మామగారు సైకిలేసుకుని ఆయన ఇంటికి వెళ్లి చీకటి పడ్డాక వచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు పాత కొట్టులోని చెక్క బల్లనీ కాటానీ తెప్పించి గాజు తలుపు లోపల వేయించారు. "చీటీ ఇచ్చినోళ్లకి ఇక్కడ మనమే కట్టి ఇద్దాం. సంచి మాత్రం ఎవర్నీ అడక్కండి" అన్నారు. కుర్రాడు సరుకు కట్టే పనిలోకి వచ్చాడు. దొంగతనాలు పెరుగుతాయని భయపడ్డాను. ఏడాది చివర లెక్క చూస్తే పోయినవి సబ్బులు, చాక్లెట్లు, అంతా కలిపి మూడు వేలు దాటలేదు. పల్లె బేరం మీద కొట్టు నడిపేవాళ్లకి ఈ సంచుల టోకెన్లు అక్కర్లేదు, ఎవరేం చెప్పినా నేను ఒప్పుకోను.

తర్వాతి ఏడాది, 2011 సార్వాకి కోనసీమలో క్రాప్ హాలిడే వచ్చింది. గిట్టుబాటు ధర లేదు, మురుగు కాలవలు పూడిపోయి చేలు మునుగుతున్నాయి, రైతులు నాట్లే వేయలేదు. నూర్పులు లేవు కాబట్టి మాకు డబ్బూ రాలేదు. నెలకి 27 వేల వాయిదా మాత్రం ఆగదు కదా. అరువు మొత్తం ఆపేద్దాం అన్నాను. మామగారు బియ్యం, పప్పు, నూనె, ఉప్పు అరువిచ్చి, సబ్బులూ బిస్కెట్లూ రొక్కానికే అన్నారు. ఆ బాకీలు వసూలు కావడానికి నాలుగు పంటలు పట్టింది. కొన్ని రానేలేదు. కానీ ఆ ఏడాది మేం అరువిచ్చిన ఇళ్లు ఇవాళ్టికీ మా దగ్గరే కొంటాయి, పక్కన ఎన్ని ఆఫర్లు పెట్టినా సరే.

ఆఫర్లంటే గుర్తొచ్చింది. 2022 జూలై నుంచి 25 కిలోల దాకా ప్యాకెట్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు. ఆ హద్దు దాటించడానికి బస్తాలు 26 కిలోలవి అయ్యాయి. పెద్ద బస్తా కొనగలిగినవాడికి పన్ను లేదు, అయిదు కిలోల ప్యాకెట్ కొనే కూలీకి ఉంది. మా చెక్క బల్ల దగ్గర విడిగా తూచి ఇచ్చే బియ్యానికి పన్ను పడదు, అందుకే మూడు కొట్లలోనూ కాటా తీయనివ్వను.

పెద్దాయన నాలుగు నెలల తర్వాత వచ్చారు. ఈసారి నేను లేచి ఎదురెళ్లాను. "కూర్చోమ్మా, కూర్చో" అన్నారు. అప్పట్నించీ ఓపిక ఉన్నన్నాళ్లూ వచ్చారు, చెక్క బల్ల మీద కూర్చుని చీటీ ఇచ్చేవారు. అరల దాకా మాత్రం ఒక్కసారి కూడా రాలేదు.

మీది ఏ ఊరో రాయలేదు. వరి పండే ఊరైతే జూన్, జూలైల్లో తెరవకండి, రైతు డబ్బంతా దమ్ముకీ నాట్లకీ పోతుంది. మీ పాత పద్దుల పుస్తకంలో ఎన్ని ఇళ్లున్నాయో, అవి ఏ నెలల్లో కడతాయో రాయండి. పెట్టుబడి లెక్క అప్పుడు కూర్చుని వేద్దాం.