టూర్‌కి పర్సనల్ లోనా, గోల్డ్ లోనా? రెండూ వద్దు

ప్రశ్న: నమస్కారమండీ. మాది ఒడిశాలోని రాయగడ. మా ఆయన (41) ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్, చేతికి 52 వేలు వస్తాయి. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, నాకు 14 వేలు. పాపకు పదేళ్ళు, బాబుకి ఆరేళ్ళు. షుగర్ ఉన్న మా అత్తయ్యగారు (64) మాతోనే ఉంటారు. ఇంటి లోన్ ఈఎంఐ 17,500, ఇంకా 14 లక్షల బాకీ ఉంది. బండి ఈఎంఐ 3,200 ఆగస్టుతో అయిపోతుంది. స్కూలు ఫీజులు నెలకు సగటున 6 వేలు, ఇంటి ఖర్చు మందులతో కలిపి 28 వేలు. లక్ష రూపాయల చీటీకి 5 వేలు కడుతున్నాం, అది వచ్చే మార్చికి పూర్తవుతుంది. మ్యూచువల్ ఫండ్ సిప్ నెలకు 3 వేలు. మా ఆయనకు కంపెనీ ఇచ్చిన 2 లక్షల ఆరోగ్య బీమా, 3 లక్షల ఎల్ఐసీ పాలసీ ఉన్నాయి. పిల్లలకు మన దేశం చూపించాలని మేలో ఐదుగురం 18 రోజుల టూర్ అనుకున్నాం. ఢిల్లీ, ఆగ్రా, జైపూర్, అమృత్‌సర్, మనాలి, శ్రీనగర్. మొత్తం మూడున్నర లక్షలు. 10 వేలు అడ్వాన్స్ ఇచ్చాం, బ్యాంకులో ఇంకో 40 వేలు ఉన్నాయి. మిగతా 3 లక్షలకు బ్యాంకు యాప్‌లో ప్రీ-అప్రూవ్డ్ పర్సనల్ లోన్ చూపిస్తోంది. నా దగ్గర 8 తులాల బంగారం కూడా ఉంది. పర్సనల్ లోన్ మంచిదా, గోల్డ్ లోన్ మంచిదా చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: రెండూ వద్దమ్మా. ఈ ఉత్తరాన్ని ఎంచుకున్నది కూడా అందుకే. వేసవి సెలవులు దగ్గర పడితే చాలు, ‘టూర్‌కి ఏ లోన్ తీసుకోవాలి’ అనే ఉత్తరాలు వరస కడతాయి. లోన్ తీసుకోవచ్చా అని అడిగేవాళ్ళు తక్కువ. అది ఖాయం చేసుకున్నాకే, వడ్డీ ఎక్కడ తక్కువో చెప్పమంటారు.

ముందు మీ లెక్కే చూద్దాం. ఇద్దరి జీతాలూ కలిపి 66 వేలు. ఈఎంఐలు, ఫీజులు, ఇంటి ఖర్చు పోగా మిగిలేది 11,300. చీటీకీ సిప్‌కీ కట్టాక చేతిలో ఉండేది 3,300. యాప్‌లో చూపించే 3 లక్షలను 16 శాతం వడ్డీకి మూడేళ్ళకు తీసుకున్నారనుకుందాం. ఈఎంఐ దాదాపు 10,550 వస్తుంది. చీటీ, సిప్ రెండూ ఆపేసినా, ఆ ఈఎంఐ కట్టాక మీ ఇంట్లో మిగిలేది నెలకు 750 రూపాయలు. కనీసం ఆగస్టులో బండి లోన్ తీరేదాకా ఆ 750తోనే నెట్టుకురావాలి. అత్తయ్యగారికి ఒక రక్తపరీక్ష, బాబుకి ఒక జ్వరం వస్తే ఆ నెల లెక్క తప్పినట్టే. పైగా మూడేళ్ళలో కట్టే వడ్డీయే దాదాపు 80 వేలు. పాప ఎనిమిదో తరగతికి వచ్చినా ఈ టూర్ అప్పు తీరదు. ప్రీ-అప్రూవ్డ్ అంటే మీకు ఆ అప్పు మోసే స్తోమత ఉందని బ్యాంకు భరోసా ఇచ్చినట్టు కాదు. ఆ మాటను నమ్మి ఈఎంఐలు నెత్తికెత్తుకున్నవాళ్ళను చూస్తే బాధతో పాటు కోపం కూడా వస్తుంది.

గోల్డ్ లోన్‌లో వడ్డీ తక్కువ, నిజమే. కానీ మీ ఇంట్లో ఈ రోజున ఆపదకు అక్కరకొచ్చేది ఆ 8 తులాలే. దాన్ని టూర్ కోసం తాకట్టు పెడితే రేపు నిజంగా ఆపదొచ్చినప్పుడు దేన్ని పెడతారు? క్రెడిట్ కార్డు మీద ‘నో కాస్ట్ ఈఎంఐ’ ఊసే ఎత్తొద్దు.

అసలు విషయం అత్యవసర నిధి, అంటే ఆపదకని పక్కన పెట్టుకునే ఆరు నెలల ఖర్చు. మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. మీకు తప్పని ఖర్చులు నెలకు 54,700. ఆరు నెలలకు లెక్కేస్తే 3 లక్షల 28 వేలు. అంటే టూర్‌కి మీరు వేసుకున్న బడ్జెట్ ఎంతో, ఇంట్లో అసలు ఉండాల్సిన నిధీ ఇంచుమించు అంతే. ఉన్నది మాత్రం 40 వేలు. దాన్ని కూడా టూర్‌లో కలిపేశారు!

రాయగడ, గునుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు ఉండేవాళ్ళకు ఇంకో మాట గట్టిగా చెప్పాలి. అక్కడ పెద్ద జబ్బు చేస్తే అందరూ పరుగెత్తేది విశాఖకే. ఆస్పత్రి వేరే రాష్ట్రంలో ఉంది, మీ రేషన్ కార్డు ఒడిశాది. ఆంధ్రా ప్రభుత్వం అక్కడివాళ్ళకిచ్చే వైద్య సేవ పథకం మీకు వర్తించదు. విశాఖలో బంధువులకు పనిచేసింది కదా, మనకూ పనిచేస్తుందిలే అనుకుని వెళ్ళి, కౌంటర్ దగ్గర నిలబడిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. డెబ్బై దాటినవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల దాకా ఉచిత వైద్యానికి ఆయుష్మాన్ వయ వందన పథకం ఉంది గానీ, అత్తయ్యగారికి దానికి ఇంకా ఆరేళ్ళు ఉంది.

నాకు తెలిసిన పర్లాకిమిడి కుటుంబం ఒకటి పోయినేడు బంగారం తాకట్టు పెట్టి కాశీ, హరిద్వార్, ఢిల్లీ తిరిగొచ్చింది. ఫొటోలన్నీ బాగున్నాయి. నెల తిరక్కుండానే ఇంటి పెద్దాయనకు పక్షవాతం వచ్చింది. రాత్రికి రాత్రి విశాఖ తీసుకెళ్ళారు. అంబులెన్స్‌కి ముందు డబ్బు, ఆస్పత్రిలో చేరేముందు అడ్వాన్స్, తోడు ఉన్న ఇద్దరికి బయట గది అద్దె, మూడు పూటలా హోటల్ భోజనం, ఊళ్ళో మూసేసిన కొట్టు. అసలు బిల్లు వచ్చేలోపే చేతిలో డబ్బంతా అయిపోయింది. బంగారం అప్పటికే తాకట్టులో ఉంది కాబట్టి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెలిసినవాళ్ళ దగ్గర తెచ్చారు. అంటే ఏడాదికి 36 శాతం. ఆ కుటుంబం ఇప్పటికీ ఆ వడ్డీ కడుతోంది. సరిహద్దు జిల్లాల్లో ఉండేవాళ్ళకు ఆరు నెలల నిధి చాలదనీ, పైన ఒక యాభై వేలు ‘విశాఖ ఖర్చు’ అని పక్కన పెట్టుకోమనీ నేను ఊరికే చెప్పడం లేదు.

ఇంటికి వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు నిధి అవసరం ఇంకా పెరుగుతుంది. 2023 జూలై వరదల్లో మనాలి వైపు రోడ్లు కొట్టుకుపోయి పర్యాటకులు రోజుల తరబడి చిక్కుకుపోయారు. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తర్వాత కశ్మీర్ టూర్లు ఎన్నో రద్దయ్యాయి. అలాంటప్పుడు అదనపు రాత్రుల గది అద్దె, అప్పటికప్పుడు కొనే టికెట్లు, మళ్ళీ వాహనం, అన్నీ మీ జేబులోంచే పెట్టుకోవాలి. టూర్ ఆగినా లోన్ ఈఎంఐ ఆగదు. అందుకని ఎక్కడికి వెళ్ళినా, టూర్ ఖర్చులో నాలుగో వంతు విడిగా ఖాతాలో ఉంచుకుని బయలుదేరండి.

బీమా సంగతి. కంపెనీ ఇచ్చిన 2 లక్షలు ఉద్యోగం ఉన్నంతకాలమే. మీ నలుగురికీ కలిపి ఒకే పాలసీ (ఫ్లోటర్), అత్తయ్యగారికి విడిగా ఒక పాలసీ తీసుకోండి. ఆమెను ఫ్లోటర్‌లో కలిపితే అందరి ప్రీమియం పెరుగుతుంది. షుగర్ ఉందని దాచకుండా రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ళ దాకా బీమా వర్తించని వెయిటింగ్ ఉండొచ్చు, కాబట్టి ఆలస్యం చేసేకొద్దీ నష్టం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. కొన్ని పాలసీల్లో చిన్న ఊరి అడ్రసు మీద ప్రీమియం తగ్గించి, పెద్ద నగరంలో చేరితే బిల్లులో కొంత శాతం మీరే కట్టాలనే షరతు పెడతారు. విశాఖలో చేరితే పూర్తి బిల్లు ఇస్తారా అని ముందే అడిగి, జవాబు రాతలో తీసుకోండి. మీ ఆయన పేరిట కోటి రూపాయల టర్మ్ పాలసీ (ప్రాణానికి మాత్రమే ఉండే బీమా) కూడా తీసుకోండి. 14 లక్షల ఇంటి బాకీకి 3 లక్షల ఎల్ఐసీ ఏ మూలకూ రాదు.

ఇక టూర్. మీ ఆశ తప్పని నేను అనను. పిల్లలకు దేశం చూపించాలనుకునే తల్లిదండ్రులంటే నాకు ఎంతో గౌరవం. కానీ ఇంత పెద్ద దేశాన్ని 18 రోజుల్లో ఒక్క బిగిన చూసేద్దామనుకోవడమే ఖర్చును అంత దూరం తీసుకెళ్ళింది. మే నెలలో ఢిల్లీలో, ఆగ్రాలో, జైపూర్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆరేళ్ళ బాబు మధ్యాహ్నం పూట తాజ్‌మహల్ పాలరాతి మీద ఎంతసేపు నిలబడతాడు? ఆ మూడు ఊళ్ళనూ డిసెంబరు సెలవులకు పెట్టుకోండి, అదీ తర్వాతి ఏడాది. తాజ్‌కి శుక్రవారం సెలవు, పదిహేనేళ్ళలోపు పిల్లలకు టికెట్ లేదు. శ్రీనగర్‌కి తొందరేమీ లేదు. 2025 జూన్ నుంచి కాట్రా–శ్రీనగర్ వందే భారత్ నడుస్తోంది కాబట్టి, ఇంకొన్నేళ్ళు ఆగి విమానం ఖర్చు లేకుండానే వెళ్ళొచ్చు.

వచ్చే ఏడాది మేలో మనాలి ఒక్కటే పెట్టుకోండి. పిల్లలకు మంచు కనబడుతుంది. వచ్చే మార్చిలో చీటీ పూర్తై డబ్బు చేతికొస్తుంది. మధ్యలో పాట పాడి ఎత్తుకోవద్దు. సమతా ఎక్స్‌ప్రెస్ రాయగడ మీదుగానే ఢిల్లీలోని నిజాముద్దీన్ వెళ్తుంది, విశాఖ దాకా పోయి రైలెక్కే పని లేదు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ ఉదయమే కూర్చుని బుక్ చేయండి. ఐదు నుంచి పన్నెండేళ్ళలోపు పిల్లలకు బెర్తు వద్దంటే సగం ఛార్జీ, కావాలంటే పూర్తి ఛార్జీ. ఒక పగలూ ఒక రాత్రీ దాటే ప్రయాణం కదా, ఇద్దరికీ బెర్తులు తీసుకోండి. ఆ డబ్బు మిగిల్చి, దారి పొడుగునా బాబుని ఒళ్ళో పెట్టుకుంటే ఢిల్లీలో దిగేసరికే మీకు ఓపిక ఉండదు.

మనాలిలో ఒక్క జాగ్రత్త. రోహ్‌తాంగ్ కనుమ ఎత్తు 3,978 మీటర్లు. మీ పక్క కోరాపుట్ జిల్లాలో ఉన్న దేవ్‌మాలి 1,672 మీటర్లు, ఒడిశా మొత్తంలో అదే ఎత్తైన శిఖరం. రోహ్‌తాంగ్ దానికి రెండింతలకు పైనే. అత్తయ్యగారిని డాక్టరు సరేనంటేనే పైకి తీసుకెళ్ళండి, లేకపోతే ఆమె కింద హోటల్లో ఉంటారు, మీలో ఒకరు తోడుండండి. ఎనిమిది తొమ్మిది రోజులకు ఐదుగురికీ నా అంచనా లక్షా పది వేలు. చీటీ డబ్బుకి ఇంకో పది వేలు కలిపితే సరిపోతుంది. నాలుగో వంతు పక్కన ఉంచాలన్నాను కదా, దానికి కింద చెప్పే నిధి ఉంటుంది.

అప్పటిదాకా ఏం చేయాలంటే, సిప్ ఈ ఏడాదికి ఆపండి. సిప్ ఆపమనడం నాకు ఇష్టం లేని పనే, కానీ నిధి లేకుండా పెట్టుబడి పెడితే మార్కెట్ పడ్డ నెలలోనే అమ్ముకోవాల్సి రావొచ్చు. ఆ 3 వేలు, మిగులుతున్న 3,300 కలిపి నెలకు 6,300 నిధికి వేయండి. బండి లోన్ తీరాక ఆ 3,200 కూడా ఇక్కడికే మళ్ళించండి. ఈ ఏప్రిల్ నుంచి వచ్చే ఏప్రిల్ దాకా వేస్తే, ఉన్న 40 వేలతో కలిపి దాదాపు లక్షా 47 వేలు అవుతుంది. ఆరు నెలలకు ఇంకా సగం కూడా కాదు, అయినా ఈ రోజున్న పరిస్థితి కంటే ఎంతో మెరుగు. కంపెనీ ఇచ్చే బోనస్‌ని ఏటా బీమా ప్రీమియాలకే వాడండి. నిధిని మీ ఇద్దరి పేరిట, ఎవరైనా ఒక్కరే తీయగలిగే ఖాతాలో స్వీప్-ఇన్ ఎఫ్‌డీగా (ఎఫ్‌డీ వడ్డీ వస్తూనే, కావాల్సినప్పుడు తీసుకోగలిగేలా) ఉంచితే చాలు.  కార్డు పిన్ మీకూ తెలియాలి. అర్ధరాత్రి అంబులెన్స్ ఎక్కాక మీ ఆయన్ని పిన్ అడిగే పరిస్థితి రాకూడదు.

ఈ మేలో పిల్లల్ని నిరాశపరచకండి. రాయగడ నుంచి కోరాపుట్ రైల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఆ దారిలో కొండలు, సొరంగాలు చూస్తుంటే బాబుకి విసుగే రాదు. అక్కణ్ణుంచి దేవ్‌మాలి, అరకు, బొర్రా గుహలు. మూడు రోజులు, ఖర్చు పదిహేను వేలలోపు, రెండున్నర నెలల మిగులులో తేలిపోతుంది. నిధి ఆ మేరకు రెండున్నర నెలలు ఆలస్యమైనా ఫర్వాలేదు. దానికోసం అప్పు చేయొద్దు, నాకు కావాల్సింది అదే.

ఆపరేటర్‌కి ఇచ్చిన 10 వేల సంగతి మీరు అడగకపోయినా చెబుతున్నాను. ఈ వారమే టూర్ రద్దు చేస్తున్నామని రాతలో పంపండి, వాట్సాప్‌లో అయినా సరే. రసీదు మీద రద్దు షరతులు చూసి, ఎంత వెనక్కి వస్తుందో అడగండి. డబ్బు ఇవ్వం, వచ్చే ఏడాదికి సర్దుతాం అంటే, తేదీ వేసి రాసివ్వమనండి. ఏమీ రాకపోతే ఆ 10 వేలు వదులుకోండి. అవి పోతాయేమోననే భయంతోనే చాలామంది ఇలాంటి టూర్‌కి 3 లక్షల అప్పు మీద సంతకం పెట్టేస్తారు. మీరు ఆ పని చేయకండి. యాప్‌లో ఆ లోన్ ఆఫర్ నోటిఫికేషన్లు కూడా ఈ రోజే ఆపేయండి.