ప్రింట్ బూడిద రంగులోనే ఆగిపోతుంటే

డార్క్‌రూమ్‌లో మీరు వేసే బ్లాక్ అండ్ వైట్ ఫొటో ప్రింట్‌లో నలుపు రావడం లేదు, అంతా బూడిద రంగే అన్నారు. డెవలపర్‌లో (కాగితం మీద బొమ్మను తేల్చే రసాయనంలో) వేసిన 20 సెకన్లకే బొమ్మ నల్లబడిపోతోందని గబుక్కున తీసేస్తున్నానని కూడా రాశారు. చిక్కంతా అక్కడే ఉంది. కాగితం మీద వెలుతురు ఎక్కువ పడింది, డెవలప్ కావడానికి టైమ్ చాలలేదు. ఆర్‌సీ పేపర్‌ను (ప్లాస్టిక్ పూత ఉన్న ఫొటో కాగితాన్ని) డెవలపర్‌లో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిమిషం నుంచి నిమిషంన్నర వరకు ఉంచి, ట్రేను మెల్లగా ఊపుతూ ఉండండి. కంగారుపడి ముందే తీయొద్దు. సేఫ్‌లైట్ (ఫొటో కాగితాన్ని పాడుచేయని డార్క్‌రూమ్ మసక లైటు) కింద ఏ ప్రింటైనా అసలు కంటే ముదురుగానే కనిపిస్తుంది. ఈ టైమ్ మార్చకుండా ఎక్స్‌పోజర్ (కాగితం మీద వెలుతురు పడే సమయం) ఒక్కటే మార్చాలి.

దానికి టెస్ట్ స్ట్రిప్ వేయాల్సిందే. ఎన్‌లార్జర్ (నెగెటివ్ బొమ్మను పెద్దదిగా కాగితం మీద వేసే యంత్రం) లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ 8 సైజుకి పెట్టి, పేపర్ ముక్క మీద అట్టను జరుపుతూ 5, 10, 15, 20 సెకన్ల పట్టీలు వేయండి. ఫిక్సర్‌లో (బొమ్మను చెరగకుండా నిలిపే రసాయనంలో) ఉంచడం అయ్యాక మామూలు లైటులో చూసి, తెల్లటి భాగాల్లో వివరాలు బాగా వచ్చిన టైమ్ ఎంచుకోండి. అప్పటికీ నలుపు పలచగా ఉంటే గ్రేడ్ 2 ఫిల్టర్ తీసి, నలుపు తెలుపుల తేడాను పెంచే 3 పెట్టి, మళ్ళీ స్ట్రిప్ వేయండి. పేపర్ వృథా అనిపిస్తుంది కానీ, గుడ్డిగా పెద్ద ప్రింట్లు వేయడం కంటే చాలా నయం.

ఇవన్నీ చేసినా తెల్ల అంచులు మసకగానే ఉంటే, పేపర్ పాతదైనా అయ్యుండాలి, సేఫ్‌లైట్ అయినా ఆ పేపర్‌కు సరిపడకపోయుండాలి. ఎన్‌లార్జర్ కింద లేత బూడిద వచ్చేంత వెలుతురు ఇచ్చిన పేపర్ మీద నాణెం పెట్టి, సేఫ్‌లైట్ కింద 5 నిమిషాలు వదిలి డెవలప్ చేయండి. నాణెం అచ్చు కనిపిస్తే లైటు దూరం జరపండి.