మాజీ భర్త హైదరాబాద్ వెళ్తున్నారు: చైల్డ్ సపోర్ట్ కేసు మూసేయవచ్చా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. నాకు విడాకులయ్యాయి, బాబుకు పదకొండేళ్లు. కోర్టు ఉత్తర్వు ప్రకారం బాబు పోషణకు (చైల్డ్ సపోర్ట్) నెలకు 1,400 డాలర్లు ఆయన జీతంలోంచి కోత పడి నాకు అందుతున్నాయి. ఆయన అమెరికా పౌరుడు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి భారత్ ఇచ్చే గుర్తింపు) మీద హైదరాబాద్‌లో ఉద్యోగానికి వెళ్తున్నారు. అటార్నీ జనరల్ కార్యాలయంలో కేసు మూయిస్తే డబ్బు నేరుగా నా ఖాతాకు పంపుతానంటున్నారు. ‘గొడవలెందుకు, మూసేయమ్మా’ అని పెద్దవాళ్లూ చెబుతున్నారు. మూసేస్తే మళ్లీ తెరుచుకోవచ్చా?

జవాబు: తెరుచుకోవచ్చు. అయినా, ఆయన దేశం దాటి వెళ్తున్న ఈ సమయంలో కేసు మూయవద్దని గట్టిగా చెబుతున్నాను.

నెలకు 1,400 డాలర్లు ఇవ్వాలన్నది కోర్టు ఉత్తర్వు. ఆ సొమ్మును వసూలు చేసి మీకు అందించేది అటార్నీ జనరల్ కార్యాలయంలోని కేసు. మీరు కోరగా కేసు మూతపడినా ఉత్తర్వు రద్దు కాదు. బకాయి పడితే టెక్సస్‌లో దానిపై ఏడాదికి 6 శాతం వడ్డీ కూడా పడుతుంది. 1986 నాటి సమాఖ్య చట్ట సవరణ ప్రకారం గడువు దాటిన ప్రతి వాయిదా కోర్టు తీర్పుతో సమానం. కాబట్టి కేసు మూసినంత మాత్రాన ఆయన బాధ్యత తీరదు, దాన్ని రాబట్టుకునే సాధనాలు మాత్రం మీ చేయి జారిపోతాయి.

ఆ సాధనాల విలువ ఇకపైనే తెలుస్తుంది. హైదరాబాద్‌లో రూపాయల్లో జీతమిచ్చే సంస్థ చేత టెక్సస్ ఉత్తర్వు చూపి కోత వేయించడం కష్టం. అమెరికా కోర్టు తీర్పును భారత్‌లో నేరుగా అమలు చేయించే వీలు లేదు, అక్కడ మళ్లీ దావా వేయాల్సిందే. అయితే ఆయన అమెరికా పౌరుడు కనుక, బకాయి 2,500 డాలర్లు దాటితే టెక్సస్ రాష్ట్రం ఆ సంగతి అమెరికా కేంద్ర ప్రభుత్వానికి తెలియజేస్తుంది, అప్పుడు ఆయనకు కొత్త పాస్‌పోర్టు ఇవ్వరు. రెండు నెలలు చెల్లించకపోతేనే 2,800 డాలర్లవుతుంది. ఓసీఐ హోదా కూడా ఆ పాస్‌పోర్టును ఆధారం చేసుకునే ఉంటుంది కాబట్టి, భారత్‌లో స్థిరపడాలనుకునే మనిషి దీన్ని తేలిగ్గా తీసుకోలేడు. బకాయి 500 డాలర్లు దాటితే పన్ను రీఫండును పట్టి మీకు మళ్లించవచ్చు. ఈ రెండూ కేసు తెరిచి ఉన్నప్పుడే పనిచేస్తాయి. ఇంతటి రక్షణకు అయ్యే రుసుము, ఎన్నడూ ప్రభుత్వ నగదు సాయం తీసుకోనివారికి, ఏడాదికి 35 డాలర్లు.

బాబుకు పద్దెనిమిదేళ్లు నిండేదాకా, లేదా హైస్కూలు పూర్తయ్యేదాకా, ఏది తర్వాతైతే అప్పటివరకు ఈ సొమ్ము రావాలి. ఏడేళ్లకే లెక్క వేసినా 1,17,600 డాలర్లు. ఇది బాబు హక్కు. పెద్దవాళ్లు మీ మంచి కోరే చెబుతుండవచ్చు కానీ, రేపు వాయిదా ఆగితే అద్దె కట్టవలసింది మీరే.

ఆయన మాట నిజాయితీగానే ఇచ్చారనుకుందాం. అప్పుడు హైదరాబాద్ నుంచి కూడా రాష్ట్ర చెల్లింపుల విభాగం ద్వారానే పంపమనండి. ప్రతి డాలరూ రికార్డుకెక్కుతుంది, అది ఆయనకూ మేలే. నేరుగా మీ ఖాతాకు వేసినవి పోషణ సొమ్ము కింద కాక కానుక కింద లెక్కకు వచ్చే ప్రమాదం ఉంది. ఆయన వెళ్లేలోపు హైదరాబాద్ చిరునామా, కొత్త యజమాని పేరు, అమెరికాలో వదిలి వెళ్తున్న బ్యాంకు ఖాతాల, 401(కె) (ఉద్యోగి పదవీ విరమణ పొదుపు ఖాతా) వివరాలు కేసు అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. తగిన కోర్టు ఉత్తర్వు ఉంటే 401(కె) నుంచి కూడా బకాయి రాబట్టవచ్చు. ఆయన పేరున జీవిత బీమా తీసుకుని బాబును లబ్ధిదారుగా పెట్టమని టెక్సస్ కోర్టు ఆదేశించగలదు. మీ ఉత్తర్వులో ఆ షరతు ఉందో లేదో వకీలుతో చూపించుకోండి. మీవైపు నుంచి, ఈ 1,400 రాకపోయినా ఆరు నెలలు ఇల్లు నడిచేంత సొమ్ము పొదుపు ఖాతాలో విడిగా ఉంచుకోండి.

మూయమని ఇప్పటికే సంతకం చేసి పంపి ఉంటే, ఈరోజే ఆ కార్యాలయానికి ఫోన్ చేసి, అభ్యర్థనను వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి పంపండి. అప్పటికే మూతపడి ఉంటే కొత్తగా దరఖాస్తు పెట్టండి; అది పరిశీలనలో ఉండగా ఆయన పంపే ప్రతి మొత్తానికీ తేదీతో సహా రుజువు దాచుకోండి.