పదో తరగతి పాప చదువుకోవడానికి 74 వేల ఈఎంఐ కావాలా?

ప్రశ్న: మాది చీమకుర్తి. మావారు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్. నేను ఇంట్లో బట్టలు కుడతాను. ఇద్దరికీ కలిపి నెలకు 34 వేలు వస్తాయి. చీటీతో సహా ఖర్చులన్నీ పోను 7 వేలు మిగులుతాయి. చీటీ లక్షది, నెలకు 5 వేలు, 20 నెలల్లో 8 కట్టేశాం. పాప ఈ జూన్‌లో పదో తరగతికి వస్తుంది. సొంతిల్లే గానీ రెండే గదులు. ఒంగోలు షోరూమ్‌లో స్టడీ టేబుల్, కుర్చీ, పుస్తకాల బీరువా, ఏసీ కలిపి 74 వేలు, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేని వాయిదాలు అన్నారు. అది తీసుకోమంటారా, నా గాజులు బ్యాంకులో పెట్టమంటారా, చీటీ పాడేయమంటారా?

జవాబు: అమ్మా, ఈ మూడింట్లో ఏదీ వద్దు. పాపకు చదువుకునే చోటు మాత్రం తప్పకుండా ఏర్పాటు చేయండి. అది 15 వేల లోపు అయ్యే పని. దాదాపు రెండు నెలలు మిగిలే డబ్బుతో, అప్పు లేకుండా అయిపోతుంది.

ముందు ఆ ఈఎంఐ సంగతి. ఒక్కసారిగా డబ్బు కడితే ఎంతకిస్తారని షోరూమ్‌లో అడిగి చూడండి. 69 వేలకు ఇస్తామన్నారనుకోండి, ఆ 5 వేల తేడాయే వడ్డీ. లెక్క కడితే ఏడాదికి సుమారు 13 శాతం పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. నెలకు కట్టాల్సింది దగ్గర దగ్గర 6,200. మీకు మిగిలేదే 7 వేలు కదా! ఎవరికైనా జ్వరమొస్తే చేబదులుకు వెళ్లాలి.

నాకు ఇంకా టెన్షన్ పెట్టేది తేదీలు. జులైలో మొదలైన ఈఎంఐ వచ్చే జూన్ దాకా నడుస్తుంది. పాప ఇంటర్‌లో చేరేదీ అప్పుడే. ఒంగోలులో చేర్చినా, నెల్లూరు హాస్టల్‌కు పంపినా, ఈ ఏడాది మొత్తంలో మీకు డబ్బు బాగా అవసరమయ్యే నెల అదే.

ఏసీ అసలు వద్దంటాను. పబ్లిక్ పరీక్షలు మార్చిలో. మన జిల్లాలో వడగాడ్పులు ముదిరేది మేలో, అప్పటికి బడికి సెలవులు. టన్నున్నర ఏసీ రోజుకు ఐదారు గంటలు వేస్తే నెలకు 200 యూనిట్ల దాకా కాలుతుంది. ఇప్పుడు మీ ఇంటి వాడకం 170 యూనిట్లు అనుకుందాం. 225 దాటాక యూనిట్‌కు రూ.8.75 పడుతుంది కాబట్టి నెలకు రూ.1,600 వరకు బిల్లు పెరుగుతుంది, సర్దుబాటు చార్జీలు కాక. ఆ డబ్బులో ఒక నెలది పెట్టి ఎండలు రాకముందే స్లాబు మీద సున్నం వేయించండి. పాప కూర్చునే చోట కరెంటు తక్కువ తీసుకునే బీఎల్‌డీసీ ఫ్యాను బిగించండి. మామూలు ఫ్యానుకు 75 వాట్లయితే దీనికి 30 వాట్లు చాలు.

ఇక టేబుల్. చీమకుర్తిలో ఉండి టేబుల్ పలకను ఒంగోలులో కొనడమేంటమ్మా? కటింగ్‌లో మిగిలిన గ్రానైట్ ముక్క ఒకటి, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుది, మీవారిని యజమానిని అడిగి తెమ్మనండి. ఆ ముక్క 40 కిలోల పైనే తూగుతుంది, గోడకు కొట్టిన చిన్న బ్రాకెట్ల మీద నిలబెట్టొద్దు. వెల్డింగ్ షాపులో నాలుగు కాళ్ల ఇనప స్టాండు చేయించండి, నేల నుంచి పలక పైభాగం వరకు 29 అంగుళాలు ఉండేలా. అంచులు గుండ్రంగా కొట్టించండి. నల్ల గెలాక్సీ రకం గ్రానైట్‌కు పాలిష్ ఎక్కువుంటే లైటు పడి కళ్లలో కొడుతుంది, పైన లేతరంగు గుడ్డో మందపాటి అట్టో పరవండి. పాప కుడిచేత్తో రాస్తే లైటు ఎడమ వైపు నుంచి పడాలి.

కుర్చీ దగ్గర మాత్రం పిసినారితనం చేయొద్దు. రోజుకు నాలుగైదు గంటలు కూర్చునే పిల్ల. వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. పాపను వెంట తీసుకెళ్లి కూర్చోబెట్టి చూశాకే కొనండి. పుస్తకాలకు గోడకు రెండు చెక్క అరలు చాలు, బీరువా అక్కర్లేదు. ఇవన్నీ వంటగదికీ టీవీకీ దూరంగా ఉన్న మూలలో పెట్టండి. టీవీ ఉన్న గదే దిక్కయితే, రాత్రి ఏడు నుంచి పది వరకు టీవీ కట్టేయాలని ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి. ఈ ఒక్కటీ కుదరకపోతే ఎంత మంచి టేబులైనా వృథా.

గాజులు అలాగే ఉంచండి. ఆసుపత్రి ఖర్చు మీద పడితే గంటలో డబ్బు తెచ్చేవి అవే.

చీటీ విషయంలో మీరు ఒక ముఖ్యమైన మాట రాయలేదు. అది రిజిస్టరైన కంపెనీదా, ఊళ్లో తెలిసినవాళ్లు నడిపేదా? కంపెనీదైతే ఆఖరి దాకా ఆగండి. ఇంకా 12 నెలలే కాబట్టి కమిషన్ పోను దాదాపు లక్ష సరిగ్గా ఇంటర్ ఫీజు వేళకు చేతికొస్తుంది. ఇప్పుడు పాడితే పాటలోనే పదిహేను, ఇరవై వేలు పోవచ్చు. ఊళ్లో నడిపేదైతే నా సలహా వేరు. పాటలో కాస్త నష్టమైనా వీలైనంత త్వరగా ఎత్తేసుకుని, వచ్చిన మొత్తాన్ని మీ పేరు మీద బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. మిగతా వాయిదాలు మాత్రం ఒక్కటీ తప్పకుండా కట్టండి. ఆ డిపాజిట్ వచ్చే మే నెలాఖరుకల్లా చేతికొచ్చేలా గడువు పెట్టించుకోండి.